కోచ్‌ని తిట్టాం, ఆటగాళ్లని తిట్టాం, చివరికి మన హైదరాబాద్ ఫుట్‌బాల్ టీమే ఢిల్లీ పోయింది. అసలు ఎక్కడ చెడింది?

ఈస్ట్‌స్టాండ్_22 · రాత్రి 10:14

నిన్న బీరువా సర్దుతుంటే పసుపు జెర్సీ బయటపడింది. మా ఆవిడ "ఇంక ఆ టీమ్ లేదుగా, బండి తుడవడానికి తీసుకోనా" అంది. కోపం రాలేదు, అదే విచిత్రం. ఏడాది క్రితం అయితే ఇంట్లో యుద్ధం అయ్యేది.

హైదరాబాద్ ఎఫ్‌సీ ఇప్పుడు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) మనకైతే అయిపోయింది. 2022లో కప్పు, 2025లో ఊరే లేదు. ఈ మూడేళ్లలో మనం ఇక్కడ ఎన్ని పేజీలు కొట్టుకున్నామో పాత పోస్టులు తిరగేస్తే నవ్వొస్తుంది. కోచ్ సింగ్టో దిగిపోవాలి, ఫలానావాడిని ఎందుకు కొన్నారు, ఫలానావాడిని ఎందుకు వదిలారు అని. ఇప్పుడు తీరిగ్గా చెప్పండి, ఏ ఒక్క నిర్ణయం దగ్గర బండి పట్టా తప్పింది? "అన్నీ" అనొద్దు. ఒక్కటి.

డిఫెన్సివ్_మిడ్ · రాత్రి 10:31

కప్పు గెలిపించిన కోచ్ మనోలో మార్కెజ్‌ని పోనివ్వడం. 2023. ఇంకో మాట లేదు.

బెజవాడ_బంతి · రాత్రి 10:40

అన్నా, మనోలోని పోనివ్వడం ఏంటి, ఆయనే పోయాడు. కాంట్రాక్ట్ అయింది, గోవా పిలిచింది, వెళ్లాడు. కట్టేసి ఉంచుతారా?

నా లెక్కలో తప్పు అంతకు ముందే ఉంది. 2021లో లిస్టన్ కొలాసో మోహన్ బగాన్‌కి పోయాడు. 2022లో ఆశిష్ రాయ్ అక్కడికే. 2023లో ఆకాశ్ మిశ్రా ముంబై సిటీకి. ఏటా ఒక కుర్రాడిని తయారు చేయడం, వాడు చేతికొచ్చే వేళకి పెద్ద క్లబ్‌కి అప్పజెప్పడం. మనం పెంచిన మామిడి చెట్టు, కాయలు పక్కింటి వాళ్లకి.

ఈస్ట్‌స్టాండ్_22 · రాత్రి 10:46

లిస్టన్ పోయిన తర్వాతే కదా కప్పు గెలిచింది.

డిఫెన్సివ్_మిడ్ · రాత్రి 11:08

అదే నేను చెప్పేది. ఆటగాళ్లు పోతారు, పోతూనే ఉంటారు, ఆ డబ్బుతోనే చిన్న క్లబ్ బతుకుతుంది. పోయినవాడి జాగాలో ఎవరిని నిలబెడతావు, ఏం నేర్పిస్తావు అన్నదే కోచ్ పని. ఆశిష్ రాయ్ పోయాక మనోలో ఏం చేశాడో గుర్తుందా?  రెక్క మీద ఆడే నిఖిల్ పూజారిని రైట్ బ్యాక్ (కుడి వైపు డిఫెండర్) చేశాడు. మొదటి రెండు మూడు మ్యాచ్‌లు నేను ఇక్కడే తిట్టాను, వాడికి వెనక్కి పరిగెత్తడం రాదు అని. ఆ సీజన్ చివరికి లీగ్‌లో 42 పాయింట్లతో రెండో స్థానం. నా పోస్ట్‌లు డిలీట్ చేయలేదు, వెళ్లి చూసుకోండి, సిగ్గుపడటానికి నేను రెడీ.

కప్పు గెలిచిన సీజన్‌లో ఆట ఎలా ఉండేదో కొత్తవాళ్ల కోసం చెప్తా. జోవావ్ విక్టర్ ఇద్దరు సెంటర్ బ్యాక్‌ల ముందు మేకులా దిగి ఉండేవాడు. ఆయన అక్కడ ఉన్నాడన్న ధైర్యంతో ఎడమ నుంచి ఆకాశ్, కుడి నుంచి ఆశిష్ సగం గీత దాటి పైకి పోయేవాళ్లు. వీళ్లు పైకి పోతే రెక్కల మీదివాళ్లు లోపలికి జరుగుతారు, అప్పుడు అవతలి డిఫెండర్‌కి మన స్ట్రైకర్ ఒగ్బెచెని పట్టుకోవాలా, లోపలికి వచ్చినవాడిని పట్టుకోవాలా అర్థం కాదు. ఆ ఒక్క క్షణం చాలు ఒగ్బెచెకి. 37 ఏళ్ల మనిషి 18 గోల్స్ కొట్టాడంటే ఆయన పరిగెత్తి కొట్టాడనుకుంటున్నారా? ఆయన నడుచుకుంటూ వచ్చి కొట్టాడు, మిగతావాళ్లు పరిగెత్తారు.

లాల్‌బజార్_లెఫ్ట్‌బ్యాక్ · రాత్రి 11:15

"మేకులా దిగి ఉండేవాడు" 👏 కరెక్ట్ మాట భయ్యా.

ఓల్డ్‌ట్రాఫర్డ్_ఒంగోలు · రాత్రి 11:19

మీ బాధ ఏం బాధ, మేం మాంచెస్టర్ యునైటెడ్‌లో కోచ్ టెన్ హాగ్‌కి కాంట్రాక్ట్ పొడిగించి నాలుగు నెలల్లో తీసేశాం, మెక్‌టొమినేని అమ్మితే వాడు నాపోలి వెళ్లి లీగ్ గెలిచి సీజన్ ఉత్తమ ఆటగాడు అయ్యాడు, మేం 15వ స్థానం...

అటక_అడ్మిన్ · రాత్రి 11:21

యునైటెడ్ ఏడుపుకి వేరే చోటు ఉంది, 340 పేజీలు నడుస్తోంది. ఇక్కడ హైదరాబాద్ మాత్రమే.

ఓల్డ్‌ట్రాఫర్డ్_ఒంగోలు · రాత్రి 11:22

సరే సరే. కానీ మీ టీమ్ ఊరు మారింది, మాది మారలేదు, ఆ ఒక్క విషయంలో మీరే గెలిచారు.

పాతబస్తీ_పది · రాత్రి 11:37

నేను సింగ్టో తరఫున మాట్లాడతా, తిట్టుకోండి.

2023లో మనోలో జాగాలో కానర్ నెస్టర్ అని ఐరిష్ కోచ్‌ని ప్రకటించారు. ఆయన ఆ కుర్చీలో నిలవలేదు. అప్పుడు క్లబ్‌లో ఎవరు దొరికితే వాళ్ల నెత్తిన పెట్టాలె, థాంగ్‌బోయ్ సింగ్టో నెత్తిన పెట్టిన్రు. జీతాలు రాలేదు. పాత బకాయిలకి ఫిఫా నిషేధం పెట్టింది, కొత్తవాడిని కొనలేవు. జనవరి వచ్చేసరికి ఒక్కొక్కరు కాంట్రాక్ట్ తెంపుకుని పోయిన్రు. చింగ్లెన్‌సనా బెంగళూరు, పూజారి బెంగళూరు, యాసిర్ గోవా, విదేశీ ఆటగాళ్లు దాదాపు అందరూ ఇంటికి. మిగిలింది ఎవరు? రిజర్వ్ పిల్లలు, గోల్ కీపర్ కట్టిమణి లాంటి ఒకరిద్దరు పాతవాళ్లు, ఇంకా జోవావ్ విక్టర్. ఆ పిల్లలని పట్టుకుని మోహన్ బగాన్ మీద, ముంబై మీద ఆడించాలె. 22 మ్యాచ్‌లు, ఒక్క గెలుపు, 8 పాయింట్లు. మనం ఏం చేసినం? ఇక్కడ కూచుని "4-4-2 ఎందుకు పెట్టాడు" అని చర్చ. వంటింట్ల బియ్యం లేవు, మనం కూరల ఉప్పు గురించి కొట్లాడినం.

బెజవాడ_బంతి · రాత్రి 11:44

ఆ సీజన్‌కి ఒప్పుకుంటా. కానీ 2024-25? కొత్త యాజమాన్యం వచ్చింది, నిషేధం పోయింది, విదేశీయులు వచ్చారు. అప్పుడు కూడా అదే ఆట కదా. అప్పుడు కూడా మద్దెల ఓడేనా?

పాతబస్తీ_పది · రాత్రి 11:52

కొత్త యాజమాన్యం వచ్చింది ఎప్పుడు? సెప్టెంబర్. లీగ్ మొదలైంది ఎప్పుడు? సెప్టెంబర్. పెళ్లివారు పందిట్ల కూచున్నాక కూరగాయలకి మోండా మార్కెట్ పోయినట్టు. మిగతా టీమ్‌లు జూన్, జూలై నుంచి కలిసి పరిగెత్తుతుంటే మనోళ్లు ఒకరి పేరు ఒకరు నేర్చుకుంటున్నారు. అయినా ఆ అక్టోబర్‌ల కోల్‌కతా పోయి మొహమ్మడన్ మీద 4-0 గెలిచిన్రు. నవంబర్‌ల కొచ్చి పోయి కేరళ బ్లాస్టర్స్‌ని వాళ్ల జనం ముందే 2-1 కొట్టిన్రు, ఆంద్రేయ్ ఆల్బా రెండు. ఆ రోజు సింగ్టోని ఎవడూ తిట్టలే.

ఈస్ట్‌స్టాండ్_22 · అర్ధరాత్రి 12:05

ఆ తర్వాత ఒడిశా మ్యాచ్ గురించి చెప్పు భయ్యా. చెప్పవు. నేను చెప్తా.

నవంబర్ చివర్లో, గచ్చిబౌలి. నేను, మా తమ్ముడు, వాడి ఆఫీసు ఫ్రెండ్ ఒకడు. వాడికి అదే మొదటి ఫుట్‌బాల్ మ్యాచ్, "అదిరిపోద్ది రా" అని నేనే లాక్కొచ్చా. గచ్చిబౌలిలో సీట్లకీ మైదానానికీ మధ్య రన్నింగ్ ట్రాక్ ఉంటుంది కాబట్టి ఆటగాళ్ల ముఖాలు కనపడవు, నడకని బట్టి గుర్తుపట్టాలి. మూడో గోల్ పడ్డాక మా డిఫెండర్లు మధ్య గీత దగ్గరికి నడుచుకుంటూ వస్తున్నారు, అలెక్స్ సజీ ఒక్కడే చేతులు ఊపుతూ అందరికీ ఏదో చెప్తున్నాడు, ఎవడూ వాడి వైపు చూడట్లేదు. నాలుగో గోల్‌కి డప్పు ఆగింది. అయిదో గోల్‌కి ఒక తాత లేచి, కింద పరిచిన పేపర్ మడిచి, జేబులో పెట్టుకుని మెల్లగా మెట్లు దిగిపోయాడు. ఆరోది పడినప్పుడు తమ్ముడి ఫ్రెండ్ అడిగాడు, "భయ్యా, ఇందులో డిక్లేర్ చేయడం ఉండదా?" అని.

0-6. సొంత గడ్డ మీద. డబ్బు లేదు, టైమ్ లేదు, అన్నీ ఒప్పుకుంటా. కానీ మూడు గోల్స్ పడ్డాక కూడా డిఫెన్స్ లైన్ అంత పైన ఎందుకు పెట్టాడు? వెనక్కి లాగి, మధ్యలో ఒకడిని పెంచి, మూడుతో సరిపెట్టుకుని ఇంటికి పోవచ్చు కదా. అది యాజమాన్యం తప్పా? అది బెంచ్ మీద కూర్చున్న మనిషి తప్పు.

పాతబస్తీ_పది · అర్ధరాత్రి 12:11

...ఆ మ్యాచ్‌కి నా దగ్గర జవాబు లేదు.

లాల్‌బజార్_లెఫ్ట్‌బ్యాక్ · అర్ధరాత్రి 12:20

డిక్లేర్ 😂😂 ఏడవాలో నవ్వాలో తెలియట్లేదు.

డప్పు కొట్టింది నేనే అన్నా ఆ రోజు. ఆపలేదు, కర్ర విరిగింది. నిజం.

డాలస్_డ్రాప్‌బాల్ · ఉదయం 6:48

ఇప్పుడే చూశాను, మీకు పొద్దున, మాకు రాత్రి. నా బాధ వేరు. నేను 2019లో అమెరికా వచ్చా, టీమ్ పుట్టిన సంవత్సరమే. మొదటి మ్యాచ్ కోల్‌కతాలో ఏటీకే మీద 0-5, పొద్దున్నే లేచి చూశా. ఫిల్ బ్రౌన్ అని ఇంగ్లండ్ నుంచి తెచ్చారు కదా, జనవరికి పంపించేశారు. ఆ సీజన్ 18 మ్యాచ్‌లకి 10 పాయింట్లు, అట్టడుగు. తర్వాత ఆల్బర్ట్ రోకా వచ్చాడు, కొత్త సీజన్ మొదలయ్యేలోపే బార్సిలోనా పిలిస్తే పోయాడు. అప్పుడు కంగారుగా దొరికినవాడే మనోలో. ఎవరికీ పేరు తెలియదు. నేనైతే "ఇంకో స్పెయిన్ ముసలాయన" అని రాశా ఇక్కడే.

అంటే మన మంచి కోచ్ కూడా ప్లాన్ చేసి వచ్చినవాడు కాదు. లాటరీ తగిలింది. ఒకసారి తగిలింది కదా అని ప్రతిసారీ కంగారుగానే కోచ్‌ని వెతికారు. నా ఓటు దానికి.

ఇంకో బాధ: కప్పు గెలిచిన సీజన్ మొత్తం కోవిడ్ వల్ల గోవాలోనే జరిగింది. హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ లేదు. ఊళ్లో ఉన్నవాళ్లు కూడా నాలాగే ఫోన్‌లో చూశారు. మనం ఛాంపియన్లం అయిన ఆటని మన ఊరు కళ్లారా చూడలేదు.

డిఫెన్సివ్_మిడ్ · ఉదయం 8:02

ఫైనల్‌కి జనాన్ని రానిచ్చారు కానీ. గోవాలో ఫతోర్దా స్టేడియం అంతా పసుపే, కానీ అది కేరళ పసుపు. మన వాళ్లు పసుపు వేసుకుంటే బ్లాస్టర్స్ నలుపు వేసుకోవాల్సి వచ్చింది. కాబట్టి స్టాండ్స్ అంతా మన రంగులో మనకి వ్యతిరేకంగా అరిచింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా గాల్లో బంతిని అలా కొట్టేసరికి ఆ పసుపంతా ఒక్కసారి నోరు మూసుకుంది. తర్వాత కట్టిమణి పెనాల్టీలు. నిశు కుమార్‌ది ఆపాడు, గీత దాటావని మళ్లీ కొట్టించారు, మళ్లీ ఆపాడు. ఇది ఎన్నిసార్లు రాసినా నాకు విసుగు రాదు, మీకు వస్తే దాటేయండి.

బెజవాడ_బంతి · ఉదయం 8:15

విసుగు రాదు అన్నా. రాయి.

ఉక్కునగరం_సబ్ · ఉదయం 9:30

వైజాగ్ నుంచి ఒక మాట. మీరు టీమ్ పోయిందని ఏడుస్తున్నారు, బానే ఉంది. శ్రీనిధి డెక్కన్ క్లబ్ ఐ-లీగ్‌లోకి (ఐఎస్ఎల్ కింది లీగ్) రావడానికి మొదట బిడ్ వేసింది ఏ ఊరి పేరు మీద? విశాఖపట్నం. ఇప్పుడు ఆడేది ఎక్కడ? హైదరాబాద్ పక్కన అజీజ్‌నగర్‌లో. మేమెవరం థ్రెడ్ పెట్టి ఏడవలేదు. పెట్టాలన్నా ఇక్కడ మేం ముగ్గురమే.

ఇంకోటి. మీ లిస్టులో లిస్టన్, ఆకాశ్, ఆశిష్, యాసిర్ అని పేర్లు చదివా. మంచి ఆటగాళ్లే. కానీ గోవా, యూపీ, సిక్కిం, మణిపూర్. రబీ, సోయల్, సజీ కేరళ. హైదరాబాద్ టీమ్‌లో హైదరాబాద్ కుర్రాడు ఎక్కడ? నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య ఇండియాకి ఆడుతోంది, క్లబ్ ఆట ఈస్ట్ బెంగాల్‌కి ఆడుతోంది. మీ ఊరి క్లబ్‌కి అమ్మాయిల టీమ్ ఉందా? ఆరేళ్లలో ఊళ్లో వేరు పడలేదు, అందుకే పీకి ఢిల్లీలో పాతడం అంత తేలికైంది. కోచ్ ఎవరైతే ఏంటి.

ఈస్ట్‌స్టాండ్_22 · ఉదయం 9:41

ఇది గుచ్చుకుంది.

పాతబస్తీ_పది · ఉదయం 10:20

మా నానా (అమ్మ వాళ్ల నాన్న) ఉన్నంతకాలం ఇదే గొణిగేవాడు. ఆయనకి ఐఎస్ఎల్ అంటే టీవీ సర్కస్. ఆయన లెక్కల ఫుట్‌బాల్ అంటే సిటీ పోలీస్, రహీం సాబ్. 1950 నుంచి 54 దాకా వరసగా అయిదు రోవర్స్ కప్పులు. మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల నాలుగో స్థానం సాధించిన టీమ్‌కి కోచ్ ఇదే ఊరి స్కూల్ మాస్టర్.

టీమ్ సెలెక్షన్ గురించి కదా మాట్లాడుతున్నం, ఇది వినుండ్రి. 1962 జకార్తా ఏషియాడ్. జర్నైల్ సింగ్ డిఫెండర్. తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డయ్. ఎవరైనా బెంచ్ మీద కూచోబెడతరు. రహీం సాబ్ అతన్ని సెంటర్ ఫార్వర్డ్ చేసిండు. ఫైనల్‌ల దక్షిణ కొరియా మీద 2-1, ఒకటి పీకే బెనర్జీ, ఇంకోటి ఆ కుట్ల తలకాయ జర్నైల్ సింగ్. బంగారం. సాబ్ తర్వాతి ఏడాదే క్యాన్సర్‌తో పోయిండు. మనోలో పూజారిని రైట్ బ్యాక్ చేస్తే మనం గొప్పగా చెప్పుకుంటున్నం, మా నానా వింటే "ఇందులో వింతేముంది" అనేటోడు.

బెజవాడ_బంతి · ఉదయం 10:33

ఇది నాకు తెలియదు భయ్యా. కుట్లతో తలా?

పాతబస్తీ_పది · ఉదయం 10:35

కుట్లతోనే.

డిఫెన్సివ్_మిడ్ · మధ్యాహ్నం 1:12

సరే, నా ఓటు మార్చుకుంటున్నా. మనోలో పోవడం కాదు. ఆయన 2024లో ఇండియా కోచ్‌గా ఇదే గచ్చిబౌలికి వచ్చాడు కదా. మారిషస్‌తో 0-0, సిరియా మీద 0-3, నవంబర్‌లో మలేషియాతో 1-1. మూడింటికీ నేను వెళ్లా. అదే మనిషి, అదే స్టేడియం, ఒక్క గెలుపు లేదు. అప్పుడే నాకు లోపల ఎక్కడో అనిపించింది, ఒప్పుకోలేదు అంతే. మన దగ్గర ఆయనకి ఏడాదంతా చేతికింద ఉండే కుర్రాళ్లు దొరికారు, రోజూ నూరాడు, అందుకే ఆ ఆట వచ్చింది. నేషనల్ టీమ్‌లో వారం రోజుల క్యాంప్‌తో అది రాలేదు. మళ్లీ గోవాలో పాత పద్ధతి దొరికింది, 2025 సూపర్ కప్ ఎత్తాడు, ఆ ఫైనల్లో రెండు గోల్స్ కొట్టింది మన పాత బోర్హా హెరెరానే.

కాబట్టి జీతాలు ఆగిన రోజే మన టీమ్ అయిపోయింది. కోచ్‌గా ఎవరు ఉన్నా సరే. రోజూ ప్రాక్టీస్‌కి వచ్చే కుర్రాడికి ఇంటి అద్దె భయం ఉంటే లైన్ పైన పెట్టావా కింద పెట్టావా అన్నది ఏం లెక్క.

ఈస్ట్‌స్టాండ్_22 · మధ్యాహ్నం 1:30

ఒడిశా మ్యాచ్‌కి మాత్రం లైన్ పైన పెట్టడం తప్పే.

డిఫెన్సివ్_మిడ్ · మధ్యాహ్నం 1:31

తప్పే 😄

డాలస్_డ్రాప్‌బాల్ · సాయంత్రం 5:55

నాకు ఒకటి తడుతోంది, చెప్పాలా వద్దా అని ఆలోచించా. 2019లో మనకి టీమ్ ఎలా వచ్చింది? ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడితే ఆ జాగాలో మనం వచ్చాం. ఆ ఆగస్టులో నేను ఇక్కడ పెట్టిన పోస్ట్ ఇప్పుడే వెతికి చూశా. "ఎట్టకేలకు మనకీ ఓ టీమ్!!!" అని మూడు ఆశ్చర్యార్థకాలు. కింద పుణె అబ్బాయి ఒకడు ఇంగ్లిష్‌లో కామెంట్ పెట్టాడు, జాగ్రత్తగా చూసుకోండి అని. నేను జవాబు కూడా ఇవ్వలేదు.

ఉక్కునగరం_సబ్ · సాయంత్రం 6:10

ఇప్పుడు ఢిల్లీ వాళ్ల గ్రూపులో ఎవడో మూడు ఆశ్చర్యార్థకాలు పెడుతుంటాడు.

బెజవాడ_బంతి · సాయంత్రం 6:14

వెళ్లి చెప్పి వద్దామా వాళ్లకి? తెలుగులో 😂

లాల్‌బజార్_లెఫ్ట్‌బ్యాక్ · రాత్రి 8:40

అన్నలూ ఒక మాట. వైజాగ్ అన్న తిట్టినా సరే, శ్రీనిధి మ్యాచ్‌లకి నేను ఇంతకుముందు రెండుసార్లు పోయా. అక్కడ ట్రాక్ లేదు, గ్రౌండ్ పక్కనే నిలబడొచ్చు, గోలీ తిట్టుకునేది కూడా వినపడుతుంది. 2022-23లో ఐ-లీగ్ రెండో స్థానం, 2023-24లో మళ్లీ రెండో స్థానం. ఆ రెండోసారి మొహమ్మడన్ గెలిచి ఐఎస్ఎల్‌కి పోయింది, లేకపోతే పోయేది వీళ్లే. మనం గచ్చిబౌలిలో కూర్చుని సింగ్టోని తిడుతున్న ఆ సీజన్‌లోనే ఇరవై కిలోమీటర్ల లోపు ఇంకో టీమ్ టైటిల్ కోసం కొట్లాడుతోంది, స్టాండ్‌లో నాతో కలిపి వందమంది ఉన్నామేమో. అందులో సగం ఆటగాళ్ల చుట్టాలు.

ఈసారి ఐ-లీగ్ మొదలైతే పోదామా?

ఉక్కునగరం_సబ్ · రాత్రి 8:52

పోండి. మా టీమే కదా, నా తరఫున కూడా అరవండి.

ఈస్ట్‌స్టాండ్_22 · రాత్రి 9:05

నేను వస్తా. కానీ ఏ జెర్సీ వేసుకుని రావాలి?

పాతబస్తీ_పది · రాత్రి 9:07

ఆ పసుపుదే వేసుకో. బండి తుడవనియ్యకు.

బెజవాడ_బంతి · రాత్రి 9:15

నేను విజయవాడ నుంచి శనివారం రాత్రి బస్సెక్కి వస్తా, ఎవరింట్లోనైనా పడుకోనిస్తే చాలు. అజీజ్‌నగర్‌కి ఎలా పోవాలి?

లాల్‌బజార్_లెఫ్ట్‌బ్యాక్ · రాత్రి 9:18

మెహదీపట్నంలో చేవెళ్ల వైపు బస్సు ఎక్కు. పడుకోవడం మా ఇంట్లో, మా అమ్మకి చెప్తా. డప్పు అటక మీద ఉంది, తోలు వదులైంది, ఎండలో పెట్టాలి. కర్ర మాత్రం కొత్తది కావాలి.